ట్రైనర్‌కి ఏమీ కాలేదు, సైకిల్‌కే ఊరగాయ పెట్టింది

ఇంట్లో ఉన్నచోటే సైకిల్ తొక్కడానికి ఈ ట్రైనర్ కొని రెండేళ్ల నాలుగు నెలలైంది. వెనక చక్రం తీసేసి సైకిల్‌ని నేరుగా బిగించే రకం, యాప్ చెప్పినట్టు బిగువు తనే మార్చుకుంటుంది. ఏ కంపెనీదో చెప్పను, నేను చెప్పబోయే గొడవ ఏ కంపెనీది కొన్నా తప్పదు కాబట్టి. ఎన్ని వాట్ల దాకా లాగుతుంది, ఎంత నిటారు ఎక్కుడు చూపిస్తుంది అనేవి డబ్బా మీదే రాసుంటాయి.

కొత్తలో దీన్ని ఆకాశానికెత్తేసిన మాట నిజమే. ఆఫీసులో ఇద్దరి చేత కొనిపించాను కూడా. వాళ్లలో ఒకతను దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాడు, అది వేరే సంగతి.

అంతగా నచ్చింది ఈఆర్‌జీ మోడ్, అంటే ఎంత బలంతో తొక్కాలో వాట్లలో ముందే పెట్టేసుకోవడం. 150 వాట్లు అని పెడితే 150 వాట్లే, గేరు మార్చినా వదలదు, కాళ్లు నెమ్మదిస్తే ఇంకా బిగుస్తుంది. రోడ్డు మీద నన్ను నేను మోసం చేసుకోవడానికి బోలెడు దారులున్నాయి, సిగ్నల్, కుక్క, స్పీడ్ బ్రేకర్, ముందువాడి వెనక దూరి గాలి తప్పించుకోవడం, టీ కొట్టు. ఇక్కడ గోడ, గోడ మీద క్యాలెండర్, నేను. 20 నిమిషాల టెస్టులో వచ్చిన సగటులో 95 శాతాన్ని ఎఫ్‌టీపీగా, అంటే దాదాపు గంటసేపు ఆపకుండా తొక్కగలిగే వాట్లుగా లెక్కేస్తాం కదా, నాది ఏడాది తిరక్కుండానే 158 నుంచి 196కి వచ్చింది. అందరికీ చెప్పుకున్నాను. మొదటి టెస్టు మే ఎండల్లో, రెండోది జనవరి చలిలో చేశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక అసలు కథ. 2024 అక్టోబర్‌లో గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి పేరిచ్చాను, మూడూ ఒకదాని వెంట ఒకటి చేసే రేసు. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. రేసుకి పన్నెండు రోజుల ముందు, సైకిల్‌ని పెట్టెలో సర్దడం ఒకసారి ప్రాక్టీస్ చేద్దామని రాత్రి పిల్లలు పడుకున్నాక హాల్లో కూర్చున్నాను. పెట్టెలో పట్టాలంటే హ్యాండిల్ విప్పాలి, అందుకు స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) బోల్టులు నాలుగు తీయాలి. మొదటిది కదల్లేదు. గట్టిగా తిప్పితే ఎలెన్ కీ జారి బోల్టు తల లోపల గుండ్రంగా అరిగిపోయింది. రెండోదీ అంతే. మూడోది "టక్" మని విరిగింది. మా ఆవిడ గదిలోంచి బయటికొచ్చి నా మొహం చూసి ఏమీ అడక్కుండా మళ్లీ లోపలికెళ్లిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి షాపుకి పట్టుకెళ్లాను. అక్కడి కుర్రాడు బోల్టులని డ్రిల్ చేసి తీశాడు, హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగ్ బయటికి లాగితే ఎర్రటి తుప్పు పొడి నేల మీద రాలింది. తర్వాత హ్యాండిల్‌కి చుట్టిన టేపు విప్పాడు. లోపలంతా తెల్లగా, సున్నం పూసినట్టు.

"సముద్రం కాడ ఉంటరా అన్నా?" అన్నాడు.

"లేదు, మియాపూర్."

"మరి సైకిల్‌కి ఊరగాయ పెట్టినవా ఏంది?"

ఆ తెల్ల పొడి గీకేస్తే కింద అల్యూమినియంలో గుంటలు, గోరు పెడితే తగులుతున్నాయి, అదీ స్టెమ్ పట్టుకునే చోటే. రెండు చేతులతో పట్టి వంచితే కిర్రుమంది. "దీంతోని డౌన్ దిగుతవా? ఇరిగితే పండ్లు రాల్తయి" అని ఆ హ్యాండిల్‌ని కౌంటర్ అవతల పెట్టేసుకున్నాడు, అడిగినా ఇవ్వలేదు.

జరిగిందేంటంటే చెమట. రోడ్డు మీద గాలికి చెమట ఆరిపోతుంది, కారినా వెనక్కి కొట్టుకుపోతుంది. గదిలో సైకిల్ కదలదు, గాలి లేదు, ముక్కు చివర్నించి బొట్టు బొట్టుగా సరిగ్గా స్టెమ్ మీద, హెడ్‌సెట్ మీద పడుతుంది. చేతుల మీదుగా జారింది టేపులోకి ఇంకుతుంది. ఉప్పునీళ్లు, ఉక్కు బోల్టు, అల్యూమినియం మూడూ కలిస్తే అదొక చిన్న బ్యాటరీ లాంటిది, అందులో అల్యూమినియం కరుగుతూ పోతుంది. రెండు వేసవులు ఇలాగే తొక్కాను. గంటన్నర తొక్కి దిగి తూకం చూసుకుంటే కిలోన్నర తగ్గేవాణ్ణి. సిగ్గులేకుండా చెబుతున్నా, ఆ చెమట చూసి గర్వపడేవాణ్ణి, మ్యాట్ మీద మడుగు కట్టిన ఫోటో తీసి గ్రూపులో పెట్టాను కూడా. అది మ్యాట్ దాకా దేని మీదుగా కారిందో ఒక్కరోజూ ఆలోచించలేదు.

కొత్త హ్యాండిల్, బేరింగులు, బోల్టులు, కేబుళ్లు, కూలీ కలిపి 14 వేలు. ట్రైనర్ కొన్న చోట అడిగితే చెమట వల్ల సైకిల్‌కి ఏమైనా అయితే తమకి సంబంధం లేదన్నారు. మాన్యువల్ తీసి చూశాను, నాలుగో పేజీలో ఉంది, తొక్కాక చెమట తుడవమని. కొన్న రోజు ప్లగ్గు బొమ్మ దాకా చదివి ఆపేసినట్టున్నాను.

అన్నిటికన్నా కడుపు మండింది హ్యాండిల్ సైజు దగ్గర. నా పాతది 42, ఆ వారంలో దొరికింది 40. రెండు సెంటీమీటర్లే కదా అనుకున్నాను. గోవాలో 60 కిలోమీటర్లు దాటేసరికి మెడ పట్టేసింది, పరుగులో మొదటి గంటంతా భుజాలు విదిలించుకుంటూనే ఉన్నాను.

అలాగని ఆ రోజు ట్రైనర్ నన్ను ముంచిందనీ అనలేను. నా సైకిల్‌కి వాట్లు చూపించే పవర్ మీటర్ లేదు, అయినా 145 వాట్లంటే కాళ్లకి ఎలా ఉంటుందో వందల గంటలు గోడ చూస్తూ తొక్కిన వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? మొదటి 20 కిలోమీటర్లలో నన్ను దాటనివాడు లేడు, నేను ఆ 145 దగ్గర్నించి కదల్లేదు. వాళ్లలో చాలామంది పరుగులో నడుస్తూ కనబడ్డారు. కాకపోతే వాలంటీర్ చాచిన నీళ్ల సీసా కదులుతున్న సైకిల్ మీంచి అందుకోవడం ట్రైనర్ నేర్పదు. రెండు జారవిడిచాను.

ఇంకో మాట కూడా వెనక్కి తీసుకోవాలి. "చప్పుడే ఉండదు" అని ఊదరగొట్టాను. నాకు లేదు మరి. కింది ఫ్లాట్ ఆంటీ లిఫ్టులో "బాబూ, మీరు నాలుగున్నరకే పిండి రుబ్బుతారా?" అని అడిగారు. మ్యాట్ కింద పాత కొబ్బరిపీచు పరుపు వేశాక మళ్లీ అడగలేదు. వినిపించడం మానేసిందో, మొహమాటపడ్డారో.

ఇప్పుడు నవంబర్‌లో జరిగే మలేషియా లంకావి ఫుల్ ఐరన్‌మ్యాన్‌కి తయారవుతున్నాను, 3.8 ఈత, 180 సైకిల్, 42.2 పరుగు. రేసు సైకిల్‌ని ట్రైనర్ ఎక్కించడమే మానేశాను. సెకండ్‌హ్యాండ్‌లో తొమ్మిది వేలకి ఒక పాత సైకిల్ కొని దాన్నే శాశ్వతంగా బిగించేశాను, ఊరితే అదే ఊరుతుంది. దాని మీద తువ్వాలు, ఎదురుగా ఒకటి పక్కన ఒకటి ఫర్రాటా ఫ్యాన్లు. దిగగానే మంచినీళ్ల గుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడుస్తాను. నెలకోసారి బోల్టులు విప్పి గ్రీజు పెడతాను. ఫ్యాన్లు పెట్టిన వారంలోనే అదే గుండె వేగానికి పది వాట్లు ఎక్కువొచ్చాయి, అంటే ఆ 196లో జనవరి చలి వాటా ఎంతో నాకే అనుమానం. పైగా లంకావిలో ఫ్యాన్లుండవు కదా, అందుకని వారానికొకరోజు ఒక ఫ్యాన్ ఆపి తొక్కుతున్నాను.

కొనాలా అంటే, నాకు ఇద్దరు చిన్నపిల్లలు, ఏడింటికి బడి బస్సు, నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా తప్ప నాకంటూ టైం లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది గానీ మా ఇంటి నుంచి కార్లో సైకిల్ వేసుకుని పోయి రావడానికే గంట. నార్సింగిలోనో కొల్లూరులోనో ఉండేవాళ్లు, ఊళ్లో ఇల్లు దాటగానే ఖాళీ రోడ్డున్న వాళ్లు ఎందుకు కొనాలో నాకైతే తెలియదు. కరెంటు తరచూ పోయే చోట అసలొద్దు, పోయిన మరుక్షణం నాది గాలిలో తొక్కినట్టయిపోతుంది.

ఆఫీసులో తువ్వాళ్ల అతను తనది సగం ధరకి అమ్ముతానంటున్నాడు. కావాలంటే అది అడగండి, అతని ట్రైనర్ మీద చెమట చుక్క పడలేదు. నాది నవంబర్ దాకా అమ్మను, ఆ తర్వాత అడిగి చూడండి.