కోర్గ్ మోనోలాగ్: సింథసైజర్ ఓనమాలకు ఒక్క గొంతు చాలు

విద్యుత్తుతో ధ్వనిని పుట్టించి మలిచే సింథసైజర్ నేర్చుకోవాలని ఉందంటే మన ఊళ్లలో చాలామంది చూపించేది పెళ్లి పందిళ్లలోనూ భజన మందిరాల్లోనూ వాయించే కీబోర్డునే. అందులో ఫ్లూటు, వీణ, తబలా అన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి కాబట్టి, ఆ ధ్వని ఎలా పుట్టిందో తెలుసుకోవలసిన పని వాయించేవారికి పడదు. ఆ సంగతి తెలుసుకోవాలన్న కోరికతోనే నేను, కోర్గ్ సంస్థ 2017లో తెచ్చిన మోనోలాగ్ అనే చిన్న అనలాగ్ (రికార్డు చేసిన శబ్దాలతో కాక విద్యుత్ వలయాలతోనే ధ్వని పుట్టించే) సింథసైజర్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను.

దీనిలో 25 సన్నని మీటలుంటాయి. మొదటి మీట పాశ్చాత్య స్వరాల్లోని సి కాక ఇ కావడంతో, కీబోర్డు అలవాటున్న వేళ్లు కొన్నాళ్లు తడబడతాయి. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది కనుక కార్డ్స్ (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) వాయించడం కుదరదు. అయితే రాగాన్ని ఒంటి స్వరాల వరుసగా వినడానికి అలవాటు పడిన చెవికి ఇది పెద్ద లోటుగా తోచదని నా అభిప్రాయం.

ధ్వని ఇక్కడ రెండు ఆసిలేటర్లలో, అంటే కంపనాలు పుట్టించే వలయాల్లో, పుడుతుంది. రెండింటినీ ఒకే స్వరానికి పెట్టి, రెండోదాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపితే, జంట రీడ్ల హార్మోనియంలో వినిపించినట్టే నాదం అలలు అలలుగా కదులుతుంది. ఆ నాదం తరువాత పై పౌనఃపున్యాలను వడకట్టే ఫిల్టర్‌లోకి వెళుతుంది. కటాఫ్ అనే నాబ్‌ను ఎడమకు తిప్పేకొద్దీ పదును తగ్గి, పక్కగదిలో ఎవరో తలుపు వేసుకుని వాయిస్తున్నట్టు మొద్దుబారుతుంది. చిన్న తెరమీద రంపపు పళ్లలాంటి తరంగం అరిగి నునుపు కావడం అదే క్షణంలో కంటికీ కనబడుతుంది. మొదటి రాత్రి నేను ఆ నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పేసి, శబ్దం రాకపోయేసరికి యంత్రం పాడైందనుకుని గంటసేపు కేబుళ్లు మార్చాను! ఇక స్వరం పెరిగి తగ్గే తీరును నిర్ణయించే ఎన్వలప్‌లో అటాక్‌ను (పెరిగే సమయాన్ని) సున్నాకు తెచ్చి, డికేను (తగ్గే సమయాన్ని) కొద్దిగా పెంచితే, తీగను మీటి వదిలినట్టు స్వరం ఠంగున మొదలై క్రమంగా కరిగిపోతుంది. ఈ మూడు మెట్లూ చేతికి పట్టుబడితే తక్కిన అనలాగ్ సింథసైజర్లు చాలావరకు పరిచయమైనట్టే ఉంటాయి.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది మైక్రోట్యూనింగ్, అంటే ఒక్కొక్క స్వరం శ్రుతిని విడిగా సవరించుకునే వీలు. బ్రిటన్‌కు చెందిన ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్ ఈ యంత్రం రూపకల్పనలో, ముఖ్యంగా ఈ వీలు విషయంలో, సలహాదారు. మామూలు కీబోర్డులో అంతర గాంధారం షడ్జమానికి 400 సెంట్ల (పక్కపక్క స్వరస్థానాల మధ్య ఎడం 100 సెంట్లు) ఎత్తున ఉంటుంది; కంపనాల సహజమైన 5:4 నిష్పత్తి ప్రకారం అది సుమారు 386 మాత్రమే. ఆ స్వరాన్ని 14 సెంట్లు దించి తంబురా శ్రుతితో కలిపి వింటే, అంతవరకూ గరగరలాడిన గాంధారం ఒక్కసారిగా ఒదిగి కూర్చుంటుంది. గమకం మాత్రం వేరే సంగతి. పక్కనున్న చిన్న స్లైడర్‌తో జారు పలికించగలిగాను గాని, తోడి రాగపు గాంధారంలోని కంపితం, అంటే ఆ స్వరపు ఊపు, నా చేతికి నేటికీ చిక్కలేదు.

స్వరాల వరుసను గుర్తుంచుకుని తానే వాయించే సీక్వెన్సర్‌లో 16 మెట్లున్నాయి. అక్షరానికి రెండు మెట్ల చొప్పున అవి ఆదితాళానికి చక్కగా సరిపోతాయి, 10కి కుదించుకుంటే ఖండచాపు వస్తుంది. స్పీకరు లేదు, ఎకో వంటి ఎఫెక్ట్‌లూ లేవు, అడాప్టర్ విడిగా కొనాలి. 6 ఏఏ బ్యాటరీలతో కూడా నడుస్తుంది.

కచేరీల్లో సినిమా పాటలకు కార్డ్స్ అందించవలసినవారు దీన్ని కొనవద్దు. వారికి అదే సంస్థ చేసిన, నాలుగు స్వరాలు ఒకేసారి పలికే మినీలాగ్ నయం.