మూడేళ్ల మ్యాథ్స్ డిగ్రీ, తాడిపత్రి బండల లెక్క

అనంతపురంలో ఎంపీసీ గ్రూపుతో బీఎస్సీ చేశాను, 2020-23 బ్యాచ్. తర్వాత కడపలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయింది. ఇప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇంటర్ అయిపోతున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు "బీటెక్ వద్దనుకుంటే బీఎస్సీ మ్యాథ్స్ తీసుకోవచ్చా మేడం" అని తరచూ అడుగుతుంటారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఎన్ని సెమిస్టర్లు, ఇంటర్నల్స్ ఎన్ని మార్కులకు, లైఫ్ స్కిల్ పేపర్లు ఏమేం ఉంటాయి, బ్యాక్‌లాగ్ పడితే ఎప్పుడు రాసుకోవాలి, ఇవన్నీ ఏ సీనియర్‌ను అడిగినా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది ఒక్క దాని గురించే. డిగ్రీ చేతికి రావాలంటే తప్పకుండా పూర్తిచెయ్యాల్సిన ఇంటర్న్‌షిప్. మా బ్యాచ్ సిలబస్‌తోనే అది వచ్చింది. మూడేళ్లలో కలిపి పది నెలలు. మొదటి ఏడాది అయ్యాక ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం. నాకు అది ఆరో సెమిస్టరులో పడింది. ఆ సెమిస్టరులో క్లాసులు లేవు, థియరీ పరీక్షలు లేవు. రోజూ లాగ్‌బుక్ రాయాలి, చివర్లో రిపోర్టు ఇవ్వాలి, వైవాకు నిలబడాలి. ఎన్ని పేపర్లలో తొంభైలు తెచ్చుకున్నా, ఇది పూర్తిచెయ్యకపోతే డిగ్రీ లేదు.

మూడేళ్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషాన్నిచ్చింది ఈ భాగమే.

మొదట్లో అట్లా అనిపించలేదు. బీకాం వాళ్లకు ఆడిటర్ ఆఫీసులున్నాయి, కంప్యూటర్స్ వాళ్లకు ఏదో ఒక కంపెనీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మ్యాథ్స్ చదివిన అమ్మాయి అనంతపురంలో ఎక్కడికి పోవాలి? వెళ్లిన ప్రతిచోటా "ట్యాలీ వచ్చా?" అనే అడిగారు. చివరికి మా చిన్నాయన తాడిపత్రిలో తనకు తెలిసిన బండల పాలిష్ ఫ్యాక్టరీలో మాట్లాడి పెట్టాడు. మా ఊరికి తాడిపత్రే దగ్గర, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు వాళ్లకు ఈ బండల వ్యాపారం గురించి చెప్పాల్సిన పనిలేదు. గనిలో తీసిన నాపరాయి లోడుల్లో వస్తుంది, ఇక్కడ అంచులు కోసి, పాలిష్ పట్టి పంపుతారు.

నాకిచ్చిన పని లెక్క రాయడం. లోడు దిగేటప్పుడు ఇద్దరు టేపు పట్టుకుని కొలతలు చెబుతుంటే నేను పుస్తకంలో ఎక్కించి చదరపు అడుగులు కట్టాలి. గనిలోనుంచి వచ్చిన బండ నాలుగు వైపులా సమానంగా ఉండదు. ఒక అంచు పొడుగు, ఎదుటి అంచు పొట్టి, మూలలు వార. అందుకని అక్కడివాళ్లు ఎదురెదురు అంచులు రెండూ కొలిచి సగటు తీస్తారు, దాన్ని పొడవనుకుంటారు. మిగిలిన రెండు అంచుల సగటు వెడల్పు. రెండూ గుణిస్తే ఆ బండ లెక్క అయిపోయినట్టే. చాలా తెలివైన పద్ధతి, వేగంగా అయిపోతుంది, కూలీలకూ గుమాస్తాకూ అందరికీ అర్థమవుతుంది.

కొన్నాళ్లు అట్లాగే రాశాను. ఒకరోజు బాగా వారగా ఉన్న బండ ఒకటి వచ్చింది. ఎదురెదురు అంచులు సమానమే, నాలుగడుగులు, రెండడుగులు. ఎనిమిది అని రాయబోతూ ఆగిపోయాను. నులక మంచం వదులై ఒక పక్కకు ఒరిగితే పట్టెల పొడవు మారదు, కానీ మధ్యలో పడుకునే చోటు తగ్గిపోతుంది. ఇంకా ఒరిగితే ఇంకా తగ్గుతుంది. అంచులు మాత్రం అప్పుడూ నాలుగు, రెండే. అంటే మా సగటు లెక్క ఎంత ఒరిగినా ఎనిమిదే అంటుంది. ఒక మూల 80 డిగ్రీలున్న బండ అయితే నిజంగా ఉండేది 7.88 చదరపు అడుగులు. తేడా ఒకటిన్నర శాతం. బండ ఒక్కటైతే పెద్ద విషయం కాదు. వెయ్యి అడుగుల లోడు మొత్తం అట్లాగే ఉంటే పదిహేను అడుగులు.

ఇక్కడే డిగ్రీ నాకు అక్కరకొచ్చింది. నా మనసులో పడిన ప్రశ్న ఇది: ఈ పద్ధతిలో కొన్ని బండలకు ఎక్కువ, కొన్నిటికి తక్కువ వస్తుందా, లేక ఎప్పుడూ ఎక్కువే వస్తుందా? అటూ ఇటూ వస్తే లోడు మొత్తంలో సర్దుకుపోతుంది. ఎప్పుడూ ఒకే వైపు వస్తే సర్దుకోదు, ప్రతి లోడులోనూ కొనేవాడు, అంటే ఫ్యాక్టరీ యజమానే, నష్టపోతాడు. నాలుగో సెమిస్టరులో రియల్ అనాలిసిస్ చదవకముందు ఈ ప్రశ్నను ఇట్లా అడగడం నాకు రాదు. "కొన్నిటికి నిజం", "అన్నిటికీ నిజం" అనే రెంటికీ మధ్య ఎంత దూరముందో ఆ పేపరులోనే తెలిసింది. ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా (రెండూ సున్నా కన్నా పెద్ద సంఖ్యలు) ఉండాలి అని సార్ బోర్డు మీద రాసి, "ప్రతి" కింద గీత కొట్టేవారు.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని నిరూపణ రాశాను. చిన్నదే, పదో తరగతి దాటినవాళ్లకు అర్థమవుతుంది, అందుకే ఇక్కడ పెడుతున్నాను. చతుర్భుజానికి ఒక కర్ణం గీస్తే రెండు త్రిభుజాలవుతాయి. ఒక్కో త్రిభుజం వైశాల్యం రెండు భుజాల లబ్ధాన్ని వాటి మధ్య కోణం సైనుతో గుణించి, అందులో సగం. రెండో కర్ణం గీసి మళ్లీ అదే లెక్క చెయ్యండి. రెండు లెక్కలూ కలిపితే, వైశాల్యానికి నాలుగు రెట్లు అంటే పక్కపక్క భుజాల నాలుగు లబ్ధాలను వాటి వాటి మూలల సైనులతో గుణించి కలిపినంత. సైను ఎప్పుడూ ఒకటిని దాటదు. కాబట్టి సైనులు తీసేస్తే మొత్తం పెరగడమో, అంతే ఉండడమో తప్ప తగ్గదు. సైనులు లేకుండా మిగిలిన ఆ నాలుగు లబ్ధాల మొత్తం ఏమిటి? ఎదురెదురు భుజాల ఒక జత మొత్తాన్ని రెండో జత మొత్తంతో గుణించినంత. నాలుగుతో భాగిస్తే అచ్చంగా మా సగటుల లెక్క! నాలుగు మూలలూ తొంభై డిగ్రీలైతేనే రెండూ సమానం. మిగతా ఏ బండకైనా సగటు లెక్క ఎక్కువే చూపిస్తుంది. సర్దుకుపోవడం అనేది లేదు.

పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయి, కొలతలు చెప్పే అన్నను బతిమాలి, కొన్ని బండలకు మూల నుంచి మూలకు కూడా టేపు పెట్టించాను. కర్ణం తెలిస్తే రెండు త్రిభుజాల భుజాలన్నీ తెలిసినట్టే, హెరాన్ సూత్రంతో అసలు వైశాల్యం వచ్చేస్తుంది. నా నిరూపణ ఏ బండకూ తప్పలేదు.

యజమానికి చూపించాను. ఆయన కాగితం తీసుకుని చాలాసేపు చూసి, "పాపా, మా నాయన కాలం నుంచీ లోడుకింత అని తీసేసే దుడ్లు ఇస్తాం. ఎందుకు తీస్తామో నాకు తెల్దు. తీయకపోతే నష్టమొస్తాదని మాత్రం తెల్సు. ఎందుకో నువ్వు చెప్పినావు" అన్నాడు. ఆ రోజు నుంచి బాగా వారగా ఉన్న పెద్ద బండలకు మూల కొలత కూడా రాయించాడు. చిన్నవాటికి వద్దన్నాడు, టైం దండగ అని. అది కూడా సరైన మాటే.

వైవాలో వచ్చిన ఎగ్జామినర్ రిపోర్టు తిరగేసి, "బోర్డు మీద చెయ్యమ్మా" అన్నారు. చేశాను. మూడేళ్లలో పుస్తకంలో లేని సిద్ధాంతాన్ని నా అంతట నేను రాసి, నలుగురి ముందు నిలబడి చెప్పింది ఆ ఒక్కసారే. తర్వాత ఎమ్మెస్సీకి వెళ్లాక తెలిసింది, మన ప్రాచీన గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే ఈ సగటుల లెక్కను స్థూల ఫలమని (ఉజ్జాయింపు వైశాల్యమని) చెప్పి, సూక్ష్మ ఫలానికి (కచ్చితమైన వైశాల్యానికి) వేరే సూత్రం ఇచ్చాడని. ఆ సూక్ష్మ సూత్రం కూడా నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉంటేనే సరిపోతుంది, మా బండలకు పనికిరాదు. అయినా ఎంత ఆనందమైందో చెప్పలేను. తాడిపత్రిలో నేను గీసుకున్న బొమ్మ పధ్నాలుగు వందల ఏళ్ల కిందట ఒకరి ముందు ఉంది.

ఇంతవరకూ చదివి వెంటనే చేరిపోతామనుకునేవాళ్లకు మిగతాదీ చెప్పాలి.

నాకు ఆ ఫ్యాక్టరీ మా చిన్నాయన వల్ల దొరికింది. కాలేజీ చూపించింది కాదు. మ్యాథ్స్ పిల్లలను ఎక్కడికి పంపాలో కాలేజీ దగ్గర ఏర్పాటేమీ లేదు, గైడ్‌గా వేసిన మేడం మంచావిడే కానీ ఆమె కింద చాలామంది ఉన్నారు. నా క్లాసువాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌తో నడిపించారు. ఒక స్నేహితురాలు లాగ్‌బుక్ మొత్తం ఇంట్లో కూర్చునే నింపింది, ఆమె తప్పు కాదు, తీసుకునే చోటు దొరకలేదు. నాకు దొరికింది అందరికీ దొరుకుతుందని నేను చెప్పలేను.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ సెమిస్టరులో మ్యాథ్స్ పేపరు ఒక్కటి కూడా లేదు. మా సిలబస్‌లో అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి, గ్రూపులూ రింగులూ, రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ఐదో సెమిస్టరులో న్యూమరికల్ మెథడ్స్ లాంటివి. ఎమ్మెస్సీకి పునాదిలాంటి మెట్రిక్ స్పేసులు చదవలేదు, కాంప్లెక్స్ అనాలిసిస్ ముట్టుకోలేదు. కడపలో ఎమ్మెస్సీ మొదటి సెమిస్టరులో టోపాలజీ మొదలుపెట్టగానే, ఓపెన్ సెట్ అనేదాన్ని సంఖ్యారేఖ మీద తప్ప ఎక్కడా చూడని నాకు చాలా రోజులు ఊపిరాడలేదు. బయటి యూనివర్సిటీలో డిగ్రీ చేసొచ్చిన అమ్మాయికి అదంతా పాత పాఠం. లెక్చరర్ ఉద్యోగానికీ పరిశోధనకూ అర్హత పరీక్ష అయిన సీఎస్ఐఆర్ నెట్‌కు చదివేటప్పుడు కూడా ఆ లోటు తెలుస్తూనే ఉంది. ఒక సెమిస్టరు మొత్తం బయటికి పంపకుండా, సగం రోజులు ఇంటర్న్‌షిప్, సగం రోజులు రెండు గట్టి పేపర్లు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. రియల్ అనాలిసిస్‌ను పైన అంత మెచ్చుకున్నాను కదా, అదీ పూర్తిగా నిజం కాదు. ముఖ్యమైన సిద్ధాంతాలు కొన్ని బట్టీపెట్టి, పరీక్షలో ఉన్న ఛాయిస్‌తో మంచి మార్కులతో దాటిపోయినవాళ్లు నా పక్కనే ఉన్నారు. మా సార్ ఆ గీత కొట్టకపోయి ఉంటే నేనూ అట్లాగే దాటేదాన్నేమో.

2023-24 నుంచి మన రాష్ట్రంలో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్ వచ్చింది, మ్యాథ్స్ పేపర్లు బాగా పెరిగాయి. కాబట్టి నాకు కలిగిన ఇబ్బంది ఇప్పుడు చేరేవాళ్లకు అంతే ఉండకపోవచ్చు. చేరేముందు ఆ కాలేజీలో మేజర్ పేపర్లు చెప్పే లెక్చరర్లు ఎంతమంది ఉన్నారు, వాళ్లలో రెగ్యులర్ ఎవరు, గెస్ట్ ఎవరు అని మాత్రం తప్పకుండా కనుక్కోండి.

నా మటుకు నేను మళ్లీ అవకాశమొస్తే ఇదే డిగ్రీ చేస్తాను. అయితే మాకు ఫీజుకు ఇబ్బంది లేదు, ఇల్లు దగ్గర, వెంటనే సంపాదించాల్సిన అవసరం లేదు, పెళ్లి మాట ఎత్తని అమ్మానాన్న ఉన్నారు. డిగ్రీ కాగానే ఉద్యోగం చెయ్యాల్సిన ఇంట్లో ఉన్నవాళ్లకు ఇదే మాట చెప్పే ధైర్యం నాకు లేదు. బీఈడీ చేసి డీఎస్సీ రాయాలనుకునేవాళ్లకు ఇది మంచి దారే. ఎమ్మెస్సీ, పరిశోధన అనుకునేవాళ్లు మాత్రం ఇంటర్న్‌షిప్ నడిచే రోజుల్లోనే మెట్రిక్ స్పేసుల పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని, రాత్రిళ్లు చదువుకోండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో అవి ఉచితంగానే దొరుకుతాయి.

తాడిపత్రి, బేతంచెర్ల వైపు మ్యాథ్స్ పిల్లలెవరైనా ఇంటర్న్‌షిప్‌కు చోటు దొరక్క ఇబ్బంది పడుతుంటే, బండల ఫ్యాక్టరీలను అడగండి. సిగ్గుపడకండి. లెక్క రాసే మనిషి వాళ్లకు ఎప్పుడూ కావాలి.