జాగ్రత్త: లాప్‌టాప్‌లో టీ ఒలికితే ‘వాష్ చేసేశాం, ఆన్ అయింది’ అన్న మాటకి డబ్బు కట్టకండి

వైజాగ్‌లో డాబాగార్డెన్స్ కానివ్వండి, ద్వారకానగర్, గాజువాక, మద్దిలపాలెం కానివ్వండి, తడిసిన లాప్‌టాప్ చంకలో పెట్టుకుని రిపేర్ షాపు మెట్లెక్కేవాళ్ళ కోసం ఇది. తంతు ఇలా నడుస్తుంది. పొద్దున ఇస్తే సాయంత్రానికే ఫోన్: ‘సార్, బోర్డు వాష్ చేశాం, ఆన్ అయింది, వచ్చి తీసుకెళ్ళండి.’ కౌంటర్ మీద విండోస్ లోగో చూపిస్తారు. బతికిపోయాం అనుకుని డబ్బు కట్టేస్తారు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ‘7 రోజుల టెస్టింగ్ వారంటీ, లిక్విడ్ డ్యామేజ్‌కి వర్తించదు’ అని ఉంటుంది. మూడో వారంలో ఒక పొద్దున బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. మళ్ళీ తీసుకెళ్తే, ‘ఇది వేరే ఫాల్ట్ సార్, బోర్డు మార్చాలి.’

చాలాసార్లు అది వేరే ఫాల్ట్ కాదు. మొదటి రోజు కడగకుండా వదిలేసిన టీయే.

నీళ్ళు ఆరిపోతాయి. టీలోని పాలూ పంచదారా, కొబ్బరినీళ్ళలోని లవణాలూ ఎక్కడికీ పోవు, బోర్డు మీద, అంటే లాప్‌టాప్‌లోని భాగాలన్నీ అతికించి ఉండే పలక మీద, పొరకట్టి కూర్చుంటాయి. ప్రాసెసర్, చిప్‌సెట్ లాంటి వాటికి పక్కలకి కాళ్ళు ఉండవు, అడుగున చిన్నచిన్న సోల్డర్ (టంకం) బంతుల మీద నిలబడి ఉంటాయి. ఆ సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ద్రవం తనంతట తానే పాకి అందులోకి చేరుతుంది, బ్రష్ చేరదు. పైపైన రుద్ది బ్లోయర్ కొడితే బోర్డు తళతళలాడుతుంది, చిప్ కింద టీ మాత్రం అలాగే ఉంటుంది. దానికి మన ఊరి గాలి తోడవుతుంది. ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమని పీల్చుకుని తానే నీరైపోతుంది. వైజాగ్‌లో వానాకాలపు ఉదయాలు చాలావరకు ఆ గీత పైనే ఉంటాయి. ఎండిన మరక మళ్ళీ తడవుతుంది, బోర్డులో కరెంటు ఉంటుంది, రాగి కరుగుతూ ఒక సోల్డర్ బంతి నుంచి పక్క బంతికి సన్నటి వేరులా పాకుతుంది. రెండూ కలిసిన రోజు షార్ట్.

భూతద్దం కింద చూస్తే తెలిసిపోతుంది. చార్జింగ్ సాకెట్ పక్కన, చార్జర్ కరెంటు వచ్చే 19 వోల్టుల లైన్ మీద గోధుమరంగు కెపాసిటర్లు (కరెంటుని కాసేపు నిలవ ఉంచే చిన్న భాగాలు) వరసగా ఉంటాయి. వాటికి ఒక కొస మీద ఆకుపచ్చా తెలుపూ కలిసిన పొడి, పక్కనున్న రెసిస్టర్ కాలు సగం తినేసి ఉంటుంది, అచ్చం బీచ్ రోడ్డు ఇళ్ళ గేటు బందుల్లా. బోర్డుని అలాగే వదిలేసి మీకు విండోస్ లోగో చూపిస్తున్నారు.

సరైన వాష్ అంటే బోర్డు బాడీలోంచి బయటికి రావాలి. ఫ్యాను, హీట్ సింక్, నాణెం బ్యాటరీ, ర్యామ్, ఎస్ఎస్‌డీ తీయాలి. రేకు మూతలు, ప్లాస్టిక్ స్టిక్కర్లు ఊడదీయాలి, ఎందుకంటే మురికి వాటి కిందే దాక్కుంటుంది. ముందు డిస్టిల్డ్ వాటర్, దానిలో బోర్డులకు వాడే క్లీనర్. దాంతో అల్ట్రాసోనిక్ తొట్టెలో కొన్ని నిమిషాలు, ఈ తొట్టెలు మామూలుగా 40 కిలోహెర్ట్జ్‌వి. మళ్ళీ డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ నీటిని తరిమి, 60-70 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాలి. ఆ తర్వాత మీటర్ పెట్టి లైన్లన్నీ చూడాలి. కరెంటు పరిమితి పెట్టిన బెంచ్ సప్లైతోనే (వోల్టేజీ, కరెంటు మనమే సెట్ చేసుకునే పవర్ పెట్టె) మొదటిసారి ఆన్ చేయాలి. కొత్త థర్మల్ పేస్ట్ వేయాలి. ఇదంతా రెండు గంటల్లో అయ్యే పని కాదు. ‘గంటలో ఇచ్చేస్తాం’ అన్న షాపు, కడగను అని ముందే చెప్తున్నట్టు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పంచదార దాదాపు కరగదు. ‘ఐపీఏ కొట్టాం సార్’ అని గర్వంగా చెప్పే షాపులో టీ పడిన బోర్డుకి జరిగేది ఏమిటంటే, నీరు పోయి పంచదార మరింత గట్టిగా అంటుకోవడం. తీపి పదార్థం పడితే ముందు నీరు, తర్వాతే ఆల్కహాల్. కొన్నిచోట్ల పెట్రోలు, థిన్నర్ కూడా వాడేస్తారు. లాప్‌టాప్ తెరిస్తే ఆ వాసన వచ్చినా, ప్లాస్టిక్ పాలిపోయి కనిపించినా అక్కడే అడగండి.

అడగాల్సిందంతా ఇచ్చేటప్పుడే అడగాలి, అదీ జాబ్ కార్డు మీద రాయించి. మామూలుగా కార్డు మీద ఉండేది ఒకే ముక్క: ‘వాటర్ డ్యామేజ్ – నో పవర్ – కస్టమర్ రిస్క్’. ఆ చివరి రెండు మాటలు కొట్టేయించండి, లేదా పక్కన ఇవి చేర్పించండి: ఏ ద్రవం పడింది, ఎప్పుడు, బోర్డు తీసి కడుగుతారా, రేకు మూతలు తీస్తారా, చెకింగ్ చార్జీ ఎంత, బాగవకపోతే అదెంత, ఎంత మొత్తం దాటితే ఫోన్ చేసి ఒప్పుకోలు తీసుకోవాలి, మార్చిన పాత భాగాలు తిరిగి ఇస్తారా, కడిగిన తర్వాత బోర్డు రెండు వైపులా ఫోటోలు ఇస్తారా, వారంటీ ఎన్ని రోజులు, దేనికి. వారం రోజుల వారంటీ ఈ పనికి పనికిరాదు. తుప్పు బయటపడటానికే వారాలు పడుతుంది కాబట్టి కనీసం 90 రోజులు అడగండి. కడిగామని ధీమా ఉన్నవాడు బేరమాడతాడే గానీ, కసురుకోడు.

రెండో వల ‘బోర్డు పోయింది’. మీటర్ ముళ్ళు ప్రాసెసర్ పక్కన కాయిల్ మీద పెట్టి ‘బీప్’ వినిపిస్తారు: ‘చూశారా సార్, సీపీయూ షార్ట్.’ ప్రాసెసర్ కోర్ లైన్ నిరోధం బాగున్న బోర్డులో కూడా అంత తక్కువే, చాలా వాటిలో మీటర్ బీప్ అంటుంది. అది రుజువు కాదు. ‘19 వోల్టుల లైన్ మీద ఎన్ని ఓమ్‌లు ఉన్నాయి? 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లు వస్తున్నాయా?’ అని అడగండి. మెయిన్ లైన్ షార్ట్ అయితే తరచుగా దొరికే దొంగ ఒక సిరామిక్ కెపాసిటరో, ఒక మాస్‌ఫెట్టో (కరెంటుని స్విచ్‌లా ఆపి వదిలే చిన్న భాగం). బెంచ్ సప్లైతో ఆ లైన్లోకి 1 వోల్టు పంపితే చెడిన భాగమే వేడెక్కుతుంది. థర్మల్ కెమెరా లేకపోయినా, బోర్డు మీద ఆల్కహాల్ పూస్తే ఏ చుక్క ముందు ఆరిందో అక్కడే ఫాల్ట్. ఈ మాత్రం చూడకుండా బోర్డు మార్చాలన్న షాపులోంచి బోర్డుతో సహా బయటికి రండి. నిజంగా పోయే బోర్డులూ ఉన్నాయి. లోపలి పొరలు కాలిపోయినా, ఎక్కువ వోల్టేజీ ప్రాసెసర్ లోపలికి వెళ్ళిపోయినా చేసేదేమీ లేదు. స్క్రీన్ కేబుల్ కనెక్టర్ తడిగా ఉండగా ఆన్ చేస్తే జరిగేది తరచుగా ఇదే. స్క్రీన్‌ని వెలిగించే బ్యాక్‌లైట్ లైన్ పక్కనే ప్రాసెసర్‌కి నేరుగా వెళ్ళే డేటా పిన్నులు ఉంటాయి, కొన్ని మాక్‌బుక్‌లలో ఆ బ్యాక్‌లైట్ లైన్ 50 వోల్టుల దాకా ఉంటుంది. అందుకే ‘ఒకసారి ఆన్ చేసి చూద్దాం’ అని మీ ముందే చార్జర్ గుచ్చబోయే కుర్రాణ్ణి ఆపండి.

షాపుకి వెళ్ళేలోపు మీ చేతిలో ఉన్నది: ముందు గోడ స్విచ్ ఆపి చార్జర్ పీకండి. పవర్ బటన్ 10-15 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఫైల్ సేవ్ చేసుకుందాం అని ఆగకండి. మూత వెనక్కి తెరిచి, కీబోర్డు నేల వైపు ఉండేలా గుడారంలా నిలబెట్టండి, అటూ ఇటూ ఊపకండి. షట్‌డౌన్ అయినా బోర్డులో కొన్ని లైన్లకి బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది, తుప్పుకి అదే మేత. స్క్రూలు విప్పడం వచ్చినవాళ్ళు అడుగు మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తే సగం లాప్‌టాప్‌ని కాపాడినట్టే. వైర్లు పట్టి లాగకుండా, ప్లాస్టిక్ ముక్కతో కనెక్టర్‌నే జరపండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల పిండి పోర్టుల్లోకి వెళ్ళడం తప్ప జరిగేదేమీ లేదు. హెయిర్ డ్రైయర్ తడిని ఇంకా లోపలికి తోస్తుంది. ‘రెండ్రోజులు ఎండబెట్టి ఆన్ చెయ్’ అనే సలహా మంచినీళ్ళకి ఒక్కోసారి పనిచేస్తుంది, టీకి, కూల్‌డ్రింక్‌కి, సముద్రపు నీటికి పనిచేయదు.

ఇచ్చే ముందు అడుగు మూత తీసి ఉన్నప్పుడే ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ లేబుళ్ళ మీది సీరియల్ నంబర్లు కనిపించేలా ఫోటోలు తీసుకోండి. 16 జీబీ ర్యామ్ ఇచ్చి 8 తెచ్చుకున్నవాళ్ళు తక్కువేం కాదు. ఎస్ఎస్‌డీ ఒకే స్క్రూతో ఊడి వస్తుంది, ఇంటి దగ్గరే ఉంచేసుకోండి. బోర్డు ప్రాణం చూడటానికి మీ డేటా గానీ, మీ పాస్‌వర్డ్ గానీ అక్కర్లేదు, బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) దాకా వస్తే చాలు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవాళ్ళకి డ్రైవ్ చాలావరకు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి, ఉంటుంది. బోర్డు మారితే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మీ ఖాతాలో ఉందో లేదో ఫోన్లో ఇప్పుడే చూసుకోండి. ఎం-సిరీస్ మాక్‌బుక్‌లది ఇంకో కథ. స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది, తాళం ప్రాసెసర్ దగ్గర ఉంటుంది. ఆ బోర్డు బతికితేనే ఫోటోలు వస్తాయి. అలాంటిది ‘బోర్డు మార్చేస్తాం’ అని ఒప్పుకుని వచ్చేస్తే డేటాకి నీళ్ళు వదిలినట్టే.

కీబోర్డు గురించి ఆశ పెట్టుకోకండి. లోపల ప్లాస్టిక్ పొరల మధ్య టీ చేరితే కడిగినా కొన్నాళ్ళకి ‘ఎస్’ నొక్కితే ‘ఎస్’లు పది పడతాయి. చాలా మోడళ్ళలో అది ప్లాస్టిక్ రివెట్లతో పైప్యానెల్‌కి అతికి ఉంటుంది, షాపుల్లో ‘సి ప్యానెల్’ అనే ఆ పైప్యానెల్ మొత్తం మార్చాల్సిందే. ఆ ఖర్చు మొదటి అంచనాలోనే అడగండి, చివర్లో తగిలిస్తారు.

ఇంకా రెండు ముక్కలు. గూగుల్‌లో ముందు కనిపించిన ‘ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్’ నంబరు అసలైనదని నమ్మకండి. చిరునామా కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఉందో లేదో చూసి, వాళ్ళిచ్చిన కేసు నంబరు కంపెనీ హెల్ప్‌లైన్‌కి చెప్పి సరిచూడండి. అసలైన సెంటర్లో కూడా మామూలు వారంటీ ద్రవం పడినదానికి వర్తించదు, ప్రమాద నష్టాన్ని కాచే ప్లాన్ విడిగా కొనుక్కుని ఉండాలి. ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అంటే కాలం పెంచడమే, టీని కాచడం కాదు. ఇక ఇలా పైపైన కడిగిన యంత్రాలే సెకండ్ హ్యాండ్ బల్లల మీదికి వస్తాయి. కొనే ముందు అడుగు మూత తీయించండి. స్క్రూల చుట్టూ తెల్లపొడి, బోర్డు మీద తడి తగిలి ఎర్రగా మారిన చిన్న తెల్ల స్టిక్కర్ కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. తీయనివ్వనంటే బేరం అక్కడితో సరి.

ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ళకి: బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. జీఎస్టీ బిల్లు అడగండి, రిపేర్ సేవకి పన్ను 18 శాతం. 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువుని మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని చూసుకున్నట్టు చూసుకోవాలి, ‘కస్టమర్ రిస్క్’ అని రాసినంత మాత్రాన ఆ బాధ్యత ఎగిరిపోయిందని ఒప్పేసుకోకండి. కానీ అదే చట్టం 170వ సెక్షన్ చేసిన పనికి కూలి ఇచ్చేదాకా వస్తువు అట్టిపెట్టుకునే హక్కు షాపువాడికి ఇస్తుంది. అందుకే మొత్తం ముందే రాయించుకోమన్నది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు కేసు వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. జతచేయాల్సినవి జాబ్ కార్డు, బిల్లు, ఇచ్చే ముందు తీసిన ఫోటోలు, వాట్సాప్‌లో వాళ్ళు పెట్టిన అంచనా. ఫోన్లో మాట్లాడుకున్నది ఏదైనా ఉంటే ఆ రోజే ‘మీరు ఇలా చెప్పారు’ అని వాట్సాప్‌లో ఒక లైను పెట్టేయండి, నీలం టిక్కులు పడేదాకా చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి.