తొలకరికే విత్తడమా, పదును చూసి విత్తడమా?

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించగానే తెలంగాణలోని వర్షాధార పత్తి రైతుకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది: తొలి జల్లుకే విత్తాలా, నేలకు విత్తనానికి సరిపడా తడి, అంటే పదును, అందేదాకా ఆగాలా? ఆశావాదం నిత్యజీవితంలో ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోవడానికి ఇంతకంటే సూటి సందర్భం దొరకదు.

ఖర్చు: తొలి జల్లుకే విత్తాక వాన ముఖం చాటేస్తే గింజ భూమిలోనే మాడిపోతుంది. 2025లో 475 గ్రాముల బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లు వేసేవారు ఆ సొమ్మును, దానితోపాటు కూలిని మళ్లీ పెట్టుకోవాలి. ఆగినవారికి ఆ బాధ లేదు.

శ్రమ: ఆగడానికి ఒళ్లు అలవదు గానీ, పక్క చేలో గింజలు పడుతుంటే గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడటం తేలికేమీ కాదు.

ముప్పు: మరీ ఆలస్యమైతే దిగుబడి తగ్గుతుంది, ముసురు పట్టిందంటే నల్లరేగడిలో అడుగే పెట్టలేం.

అయితే ఆగేవారిని నిరాశావాదులనడం అన్యాయం. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వర్షం పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇచ్చే సలహా కూడా వాన వస్తుందన్న నమ్మకం మీద నిలబడినదే.

బోరు కింద ఒక తడి ఇవ్వగలిగినవారు తొలకరికే విత్తుకోవచ్చు. అప్పు తెచ్చి, చల్కలో, అంటే తేలికపాటి ఎర్రనేలలో, సాగు చేసే కౌలు రైతు మాత్రం పదును కోసం ఆగడమే మేలు.