కృష్ణపట్నం రైల్వే కంపెనీ: సరుకు పంపేవారి వైపు నుంచి ఒక సమీక్ష

ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం మీదుగా కృష్ణపట్నం రేవుకు వెళ్లే రైలుదారి పూర్తిగా రైల్వేశాఖదే అనుకునేవారు నెల్లూరులో చాలామంది ఉన్నారు. నిజానికి దాని వెనుక 2006లో ఏర్పడిన కృష్ణపట్నం రైల్వే కంపెనీ ఉంది. రైల్వేశాఖ నిర్మాణ సంస్థ రైల్ వికాస్ నిగమ్, పోర్టు, ఇనుప ఖనిజం తవ్వే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్.ఎం.డి.సి., రాష్ట్ర ప్రభుత్వం, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం కడతామన్న బ్రాహ్మణి ఇండస్ట్రీస్ అందులో వాటాలు తీసుకున్నాయి. ఈ పేర్లు చూస్తేనే బళ్లారి ఇనుప ఖనిజం మీద ఎంత ఆశ పెట్టుకున్నారో తెలుస్తుంది. అయితే 2010లో కర్ణాటక ఖనిజం ఎగుమతిని నిషేధించింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు బళ్లారి తవ్వకాలనే ఆపింది, ఉక్కు కర్మాగారం లేవనేలేదు. 2019 సెప్టెంబరు 1న దారిని ప్రారంభించేనాటికి రేవుకు ప్రధానమైన సరుకు బొగ్గే.

నిర్మాణానికి మాత్రం వంక పెట్టలేము. చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య వెలిగొండలను తొలిచిన సొరంగం ఆరున్నర కిలోమీటర్లకు పైమాటే. లోపల కంకర పరవకుండా కాంక్రీటు మీదే పట్టాలు బిగించారు. గూడూరు, రేణిగుంట చుట్టి వెళ్లవలసిన గూడ్సు బండి ఇప్పుడు నేరుగా కొండ దాటుతోంది.

ఇలాంటి చిన్న దారులను ఎన్నింటినో ఒకే చేతిలో ఉంచుకునే కంపెనీలకు పేరున్నది అమెరికా. వాటిలో ఒకటైన జెనెసీ అండ్ వయోమింగ్ 1899లో న్యూయార్క్ రాష్ట్రంలో రెట్సాఫ్ ఉప్పు గని కోసం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దారితో మొదలైంది. (ఉప్పుకు రైలా అని ఉప్పు పండించే మన ఇసకపల్లివారు నవ్వుకోవచ్చు.) ఆ గని 1994లో కూలి నీట మునిగింది, అప్పటికే వేరే దారులు కొనిపెట్టుకున్నందువల్ల కంపెనీ నిలదొక్కుకుంది, 1996లో షేర్లు జారీ చేసింది, 2012లో అలాంటిదే మరో కంపెనీ రైల్అమెరికాను కలుపుకుంది, 2019లో అప్పులతో కలిపి సుమారు 840 కోట్ల డాలర్లకు బ్రూక్‌ఫీల్డ్, సింగపూర్ జి.ఐ.సి. అనే పెట్టుబడి సంస్థల చేతికి వెళ్లింది.

మన దగ్గర రైల్ వికాస్ నిగమ్‌కు కూడా కచ్, భరూచ్–దహేజ్, హరిదాస్‌పూర్–పారాదీప్ దారుల కంపెనీల్లో వాటాలున్నాయి. పోలిక అక్కడితో సరి. అమెరికాలో కంపెనీయే సొంత ఇంజన్లతో బండ్లు నడుపుతుంది, ఒకటి రెండు వ్యాగన్ల సరుకున్నా ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి తీసుకుంటుంది. ఇక్కడ బండి నడిపేది రైల్వే, ఖర్చులు పోను కిరాయిలో వాటా పొందేది కంపెనీ. కాబట్టి సరుకు పంపేవాడు కంపెనీ మొహం చూడవలసిన పనే ఉండదు. వెంకటాచలంలో నిలబడి చూస్తే తేడా కళ్లకు కడుతుంది: యాభైకి పైగా వ్యాగన్లు ఒకే బొగ్గుతో నిండి, చివర గార్డు పెట్టెతో, మధ్యలో ఎవరి సరుకూ ఎక్కించుకోకుండా సాగిపోతాయి.

బొగ్గో ఎరువో రేక్‌ల లెక్కన, అంటే ఒక్కో గూడ్సు బండి నిండా, తెప్పించుకునేవారికి ఈ దారిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చీమకుర్తి నుంచి నాలుగు గ్రానైట్ దిమ్మలు రేవుకు చేర్చవలసినవారు మాత్రం లారీ మాట్లాడుకోవడమే మేలు.