హెడ్‌ఫోన్ జాక్ పోయాక టైప్-సీ డాంగిల్‌తో రెండేళ్లు: ఎలా ఉందో చెప్తా

చదివే ఓపిక లేనోళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తా. ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్ సౌండ్ వస్తా పోతా ఉండి, అది నిజంగా జాక్ లోపమే అని తేలితే, బోర్డు మార్పించే డబ్బులు మిగుల్చుకుని లోపల డాక్ చిప్ ఉన్న టైప్-సీ డాంగిల్ ఒకటి కొనుక్కోండి. డాంగిల్ అంటే ఒక చివర టైప్-సీ పోర్టులో పెట్టి రెండో చివర హెడ్‌ఫోన్ గుచ్చుకునే పొట్టి తీగ, డాక్ అంటే డిజిటల్ సౌండ్‌ని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిప్. నేను రెండేళ్లు దాటి దాని మీదే బతుకుతున్నా, పెద్దగా కంప్లైంట్లు లేవు, ఉన్నవి కింద చెప్తా. కాకపోతే "నిజంగా జాక్ లోపమే అని తేలితే" అన్నా చూడండి, తలనొప్పంతా అక్కడే ఉంది, అందుకే ముందు దాని గురించే మాట్లాడతా.

నా పని వీడియోలకి తెలుగు సబ్‌టైటిల్స్ కొట్టడం, గుంటూరు లక్ష్మీపురంలో ఇంట్లోనే కూర్చుని చేస్తా. పొద్దున టిఫిన్ అయిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా చెవుల మీద హెడ్‌ఫోన్సే, కాలింగ్ బెల్ కూడా వినపడదు. ల్యాప్‌టాప్ ఏ కంపెనీదో చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, ఈ జబ్బు అన్ని కంపెనీల వాటికీ వచ్చేదే.

మొదట కుడి చెవిలో సౌండ్ పోవడం మొదలైంది, ప్లగ్ కొంచెం తిప్పితే వచ్చేది. ఇది అందరికీ తెలిసిందే కదా. తర్వాత వచ్చినదే విచిత్రం, మ్యూజిక్ బ్రహ్మాండంగా వినపడతా ఉంది, వెనక వాన శబ్దం కూడా వినపడతా ఉంది, మనిషి మాట మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, ఒక్కోసారి అసలే లేదు. నా పని మాటలు వినడం, ఇంకేం చేయాలి! వీడియో ఫైలే పాడైందేమో అనుకుంటారు ఎవరైనా, కాదు. సినిమాలో గానీ పాటలో గానీ మాట, గొంతు మామూలుగా ఎడమ కుడి రెండు ఛానెళ్లలోనూ సమానంగా కలిపి ఉంటాయి. ప్లగ్‌లో గ్రౌండ్ కాంటాక్ట్, అంటే రెండు చెవులకీ ఉమ్మడిగా ఉండే తిరుగుదారి, సరిగ్గా తగలకపోతే రెండు చెవుల స్పీకర్లూ ఒకదాని వెనక ఒకటి ఒకే సిరీస్ సర్క్యూట్‌లో పడిపోతాయి, అప్పుడు మనకి వినపడేది ఎడమకీ కుడికీ మధ్య ఉన్న తేడా ఒక్కటే. రెండింట్లో సమానంగా ఉన్నది కొట్టుకుపోద్ది, అంటే మాట పోయి మ్యూజిక్ మిగిలిద్ది. కాబట్టి గొంతు మాయమైతే ఈక్వలైజర్లు కెలుక్కుంటా కూర్చోవద్దు, ముందు ప్లగ్ చూసుకోండి, సగమే దిగిందా, లోపల ఏమైనా అడ్డం ఉందా అని.

ఇదే లక్షణం ఇంకో కారణంగా కూడా వచ్చిద్ది. ప్లగ్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే మూడు కాంటాక్టులు, వట్టి హెడ్‌ఫోన్. మూడు గీతలుంటే నాలుగు కాంటాక్టులు, మైక్ ఉన్న హెడ్‌సెట్. ఈ నాలుగింటి వరసలో రెండు పద్ధతులున్నాయి, సీటీఐఏ అని ఒకటి, ఓఎంటీపీ అని ఇంకోటి, గ్రౌండూ మైకూ అటూ ఇటూ మారి ఉంటాయి. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లన్నీ దాదాపు సీటీఐఏనే. డ్రాయర్‌లో దొరికిన పాత ఫోన్ హెడ్‌సెట్ ఓఎంటీపీది అయితే అది ఈ ల్యాప్‌టాప్‌లో ఇలాగే బోలుగా పలికిద్ది, వేరే పాత ఫోన్‌లో పెడితే బానే ఉంటది, మీరేమో ల్యాప్‌టాప్‌ని తిట్టుకుంటా ఉంటారు.

మూడో వేషం, హెడ్‌ఫోన్ పీకేసినా ల్యాప్‌టాప్ స్పీకర్లు పలకవు, స్క్రీన్ మీద మాత్రం హెడ్‌ఫోన్ పెట్టే ఉన్నట్టు చూపిస్తా ఉంటది. జాక్ లోపల ప్లగ్ వచ్చిందని చెప్పే చిన్న స్విచ్ లాంటి రేకు ఒకటి ఉంటది, ప్లగ్ దూరితే అది కదిలిద్ది. దాని దగ్గర దుమ్ము ఇరుక్కున్నా, రేకు వంగి తిరిగి రాకపోయినా, కంప్యూటర్ ఇంకా ప్లగ్ ఉందనే అనుకుంటా ఉంటది. దీనికి డ్రైవర్ ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించినా లాభం లేదు.

అందుకని ముందు శుభ్రం చేసి చూడండి. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేసి, ఫోన్ టార్చ్ వేసి జాక్ లోపలికి చూడాలి. నాదాంట్లో బ్యాగ్ లైనింగ్ నూలు ఉండ కట్టి అడుగున కూర్చుని ఉంది, బియ్యపు గింజంత, నీలం రంగుది. ప్లగ్ దిగిన ప్రతిసారీ దాన్ని ఇంకా లోపలికి దట్టించి దట్టించి గట్టి బిళ్ల చేసేసింది, అందుకే ప్లగ్ చివరిదాకా దిగట్లేదు. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీశా, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం అద్దిన సన్న బడ్ తిప్పి, బాగా ఆరాక పెట్టా. పిన్నీసు, సూది వద్దు, లోపల రేకులు వంగితే ఉన్నది కూడా పోద్ది. శానిటైజర్ కూడా వద్దు, దాంట్లో నీళ్లు, జిగురు ఉంటాయి. మా మరిదిది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, ఆయన ల్యాప్‌టాప్ మూత తీస్తే రిపేరు కుర్రాడు తుమ్ములే తుమ్ములు, ఫ్యాన్‌లో కారం, పోర్టుల్లో కారం, జాక్‌లో ఎర్రగా పేరుకుని ఉంది. ఆయనకి శుభ్రం చేస్తేనే సరిపోయింది, ఏ పార్టూ మార్చలేదు.

నాకు శుభ్రం చేశాక మాట తిరిగొచ్చింది, స్పీకర్లూ పలికాయి, కానీ కొన్నాళ్లకి కుడి చెవి మళ్లీ మొదలుపెట్టింది. ఇక్కడ సాఫ్ట్‌వేరా హార్డ్‌వేరా అని తేల్చుకోవాలి, దీనికి నాకు నచ్చిన పరీక్ష లైనక్స్ పెన్‌డ్రైవ్, లైనక్స్ అంటే విండోస్ బదులు వాడే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. ఉబుంటు లాంటిది పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాంతోనే బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఆప్షన్ పెడితే హార్డ్‌డిస్క్ జోలికి పోదు. అక్కడ కూడా ప్లగ్ కదిలిస్తే సౌండ్ పోతా ఉంటే విండోస్ తప్పేం లేదు. అక్కడ నిక్షేపంగా ఉంటే మాత్రం జాక్‌ని వదిలేసి డ్రైవర్ సంగతి చూడాలి, డివైస్ మేనేజర్‌లో ఆడియో డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ తన సొంత మామూలు డ్రైవర్ వేసుకుంటది, చాలాసార్లు దాంతోనే కుదురుకుంటది. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటాయి, అవి ఆపేసి చూడండి.

సాఫ్ట్‌వేర్ వైపు జనానికి తెలియక జాక్ మీద తోసేసేవి కొన్ని ఉన్నాయి. కాల్ రాగానే మిగతా సౌండ్ అంతా తగ్గిపోవడం జబ్బు కాదు, విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అని ట్యాబ్ ఉంటది, కాల్ టైములో మిగతా సౌండ్లు 80 శాతం తగ్గించమని మామూలుగానే పెట్టి ఉంటది, ఏమీ చేయొద్దు అని మార్చుకుంటే సరి. ప్లే నొక్కినప్పుడు మొదటి మాట ముక్క మింగేయడం, టిక్‌మని చిన్న చప్పుడు రావడం, ఇది ఆడియో చిప్ కరెంటు పొదుపు కోసం కాసేపు సౌండ్ లేకపోతే నిద్రపోవడం వల్ల. లైనక్స్ వాడేవాళ్లయితే ఎస్‌ఎన్‌డీ హెచ్‌డీఏ ఇంటెల్ అనే సౌండ్ డ్రైవర్ మాడ్యూల్‌లో పవర్ సేవ్ విలువ సున్నా చేస్తే ఆగిపోద్ది. సౌండ్ చిటపటలాడతా మౌస్ కూడా ఆగి ఆగి కదులుతా ఉంటే అది జాక్ కాదు, ఏదో డ్రైవర్ ప్రాసెసర్‌ని పట్టుకుని వదలట్లేదు. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ నడిపితే ఎవరో తెలుసుద్ది, వైఫై ఆపి చూస్తే ఇంకా త్వరగా తెలుసుద్ది. ఛార్జర్ పెట్టినప్పుడే గుయ్‌మని వస్తా ఉంటే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి, అది పోతే ఎర్తింగ్ గోల, పాత ఇళ్లల్లో మూడో పిన్ను రంధ్రం ఉంటది గానీ వెనక వైరు ఉండదు.

ఇక రిపేరు షాపులు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒకచోట చూపించా, కౌంటర్ మీద పెట్టగానే కమ్మగా పలికింది, ఈ వస్తా పోతా ఉండే లోపాలతో ఇదే చిక్కు, షాపు గుమ్మం తొక్కితే బుద్ధిగా ఉంటాయి. సౌండ్ పోయినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, అది చూపిస్తే గానీ నమ్మరు. చూపించాక ఆయన మూత కూడా తీయకుండా "బోర్డు పోయిందండి, మూడున్నర వేలు అయిద్ది" అన్నాడు. తీసుకుని వచ్చేశా. గుంటూరు అరండల్‌పేటలో ఇంకో కుర్రాడు మూత తీసి చూపించాడు, జాక్ మదర్‌బోర్డు మీద లేదు, పక్కన చిన్న బోర్డు మీద ఉంది, దాన్నుంచి పల్చటి రిబ్బన్ కేబుల్ వెళ్తా ఉంది. రిబ్బన్ తీసి మళ్లీ బిగించాడు, తేడా లేదు. ప్లగ్ పెట్టి కదిలిస్తే జాక్ లోపలి రేకు ఒకటి పట్టు వదిలేయడం కనపడింది. "అక్కా, జాక్ మారుస్తా, పెద్ద పనేం కాదు, కానీ మీరు రోజూ పెట్టి తీస్తానే ఉంటారు కదా, మళ్లీ ఇదే కథ. డాంగిల్ పెట్టుకోండి, పోతే డాంగిల్ పోద్ది, ల్యాప్‌టాప్ పోదు" అన్నాడు. చూసినందుకు డబ్బులిస్తే వద్దన్నాడు, బలవంతంగా వంద పెట్టి వచ్చా. మీ దాంట్లో జాక్ నేరుగా మదర్‌బోర్డు మీద అతికి ఉంటే డాంగిల్ మాట ఇంకా గట్టిగా చెప్తా, అక్కడ వేడి పెట్టి ఊడదీయించుకోవడం సౌండ్ కోసం మొత్తాన్ని రిస్క్‌లో పెట్టడమే. వారంటీ ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, మూత తీయించకుండా సర్వీస్ సెంటర్‌కే పోండి.

డాంగిల్ సంగతి. ఇది పాత జాక్‌నీ లోపలి ఆడియో చిప్‌నీ రెండింటినీ పక్కనపెట్టి తన సొంత చిప్‌తో సౌండ్ తయారుచేసుకుంటది, కాబట్టి జాక్ ఎంత చచ్చినా దీనికి సంబంధం లేదు. పెట్టగానే సౌండ్ సెట్టింగ్స్‌లో కొత్త డివైస్ పేరు వచ్చింది, డ్రైవర్ ఏమీ అడగలేదు. సౌండ్ పాత జాక్ కంటే నాకు శుభ్రంగా అనిపించింది, ముందు మాటల మధ్య సన్నగా ఉస్‌మని వినపడేది, ఇప్పుడు లేదు. గుసగుసల డైలాగులు వెనక్కి తిప్పి తిప్పి వినే బాధ తగ్గింది.

బాలేనివి కూడా ఉన్నాయి. మొదటి డాంగిల్ ఏడాదిన్నర వచ్చింది, దాని పొట్టి తీగ ప్లగ్ మొదట్లో పగిలి లోపలి రాగి బయటికొచ్చింది, ఇప్పుడున్నది రెండోది. దీనికి ఉపాయంగా ఒక 3.5 ఎంఎం ఎక్స్‌టెన్షన్ తీగ డాంగిల్‌కి శాశ్వతంగా పెట్టేసి ఉంచా, హెడ్‌ఫోన్ పెట్టడం తీయడం అంతా ఆ తీగ చివరే, అరిగితే అదే అరిగిద్ది. టైప్-సీ పోర్టు ఒకటి దీనికే పోయింది, ఛార్జింగ్ కూడా అదే పోర్టు అయిన ల్యాప్‌టాప్ వాళ్లకి ఇది పెద్ద ఇబ్బందే. మూత మూసి తెరిస్తే ఒక్కోసారి డాంగిల్‌ని గుర్తుపట్టదు, పీకి పెట్టాలి, పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని కరెంటు పొదుపు కోసం యూఎస్‌బీ వస్తువుల్ని నిద్రపుచ్చేది ఉంటది, అది ఆపేశాక చాలావరకు తగ్గింది. మీటింగ్ యాప్ తనంతట తనే ల్యాప్‌టాప్ మైక్ ఎంచుకోవడం ఇంకో చిరాకు, నేను హెడ్‌సెట్ మైక్‌లో మాట్లాడతా ఉంటా, అవతల వాళ్లకి మా కుక్కర్ విజిల్ వినపడతా ఉంటది.

బ్లూటూత్ కొనుక్కోవచ్చుగా అంటారు, మా చెల్లెలు ఇప్పటికీ అంటానే ఉంటది. పాటలకి బానే ఉంటది గానీ సబ్‌టైటిల్ టైమింగ్ పెట్టేటప్పుడు మాటకీ పెదవులకీ మధ్య ఆలస్యం పని చెడగొడుద్ది, పైగా మైక్ ఆన్ చేస్తే మామూలుగా హెడ్‌సెట్ మోడ్‌లోకి పోయి సౌండ్ పాత ల్యాండ్‌లైన్ ఫోన్ అయిపోద్ది.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటే ముఖ్యం, లోపల డాక్ ఉందా లేదా అని. చిప్ లేకుండా వట్టి తీగలు కలిపిన టైప్-సీ కన్వర్టర్లు కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, అవి కొన్ని ఫోన్లలో పనిచేస్తాయి గానీ చాలా ల్యాప్‌టాప్‌లలో ఉలకవు పలకవు. పెట్టినప్పుడు కొత్త డివైస్ పేరు కనపడకపోతే అది వట్టి తీగే, తిరిగి ఇచ్చేయండి. మైక్ కావాలంటే మైక్ సపోర్ట్ ఉందని రాసి ఉన్నదే తీసుకోండి, మీ హెడ్‌సెట్‌కి పచ్చ గులాబీ ప్లగ్గులు విడివిడిగా ఉంటే రెండింటినీ ఒకటి చేసే స్ప్లిటర్ కూడా కావాలి. టైప్-సీ లేని పాత ల్యాప్‌టాప్ అయితే మామూలు యూఎస్‌బీకి పెట్టే సౌండ్ కార్డ్ దొరుకుద్ది, మా ఇంట్లో పిల్లల క్లాసులకి అదే వాడతన్నాం, కొంచెం ఉస్‌మంటది, క్లాసులకి చాలు.