మీసం కొలిచిన నడక: మ్యూనిక్‌లో మూడు గంటలు

మా అమ్మాయి దగ్గరికి మ్యూనిక్ వచ్చి మూడు వారాలైంది. తోటలూ చర్చిలూ చూడడం అయిపోయాక, "అమ్మా, నీకు నచ్చేది ఒకటుంది" అంటూ ఫోనులో ఒక చరిత్ర నడక బుక్ చేసింది. నాజీ పార్టీ ఈ ఊళ్లో ఎలా పుట్టిందో, ఎలా ఎదిగిందో కాలినడకన తిప్పి చూపిస్తారట. ప్రకటనలో 'నేటి నాయకులతో పోలికలు సహా' అని ప్రత్యేకంగా రాశారు. మనిషికి ఇరవై రెండు యూరోలు. సంస్థ పేరు రాయడం లేదు. గైడు పాతికేళ్ల కుర్రాడు, వానలో తడుస్తూ కూడా విసుక్కోలేదు. అతని పొట్ట కొట్టాలని నాకు లేదు. ఇలాంటి నడకలు ఇక్కడ చాలామంది నడుపుతున్నారు, బుక్ చేసుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నా ఉద్యోగం సంగతి ఒక ముక్క చెప్పకపోతే నా చిరాకు అర్థం కాదు. ముప్పై ఒక్క ఏళ్లు శాసనసభలో రిపోర్టరుగా చేశాను. పత్రికా విలేకరిని కాదు. సభలో ఎవరు ఏం మాట్లాడినా అక్షరం పోకుండా రాసుకుని, సాయంత్రానికి ప్రతి సిద్ధం చేసే ఉద్యోగం. సభ్యుల మొహాలు నాకు అంతగా గుర్తుండవు. ఎవరు లేచారు, సభాపతి ఎవరికి మైకు ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఓటు పెట్టినప్పుడు లోపల ఎంతమంది ఉన్నారు, ఇవి మాత్రం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ముందు బాగున్నవి. మరియన్‌ప్లాట్స్ కూడలి దగ్గర చెప్పిన సమయానికే మొదలైంది. చెవిలో పెట్టుకునే పరికరం ఇచ్చారు, ఇరవై నాలుగు మంది ఉన్నా గైడు మాట స్పష్టంగా వినిపించింది. పాత నగర మందిరం ముందు నిలబెట్టి, 1938 నవంబరు 9 రాత్రి నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ ఇందులోనే ప్రసంగించాడనీ, ఆ రాత్రే దేశమంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయనీ చెప్పాడు. గొంతు పెంచలేదు, నాటకీయం చేయలేదు. అక్కడిదాకా అయిదు నక్షత్రాలు.

హోఫ్‌బ్రౌహౌస్ బీరుశాల కూడా ఫరవాలేదు. 1920 ఫిబ్రవరి 24న ఆ భవనం పైఅంతస్తు హాల్లో పార్టీ ఇరవై అయిదు సూత్రాల కార్యక్రమాన్ని చదివారు. ఇప్పుడు కింద బ్యాండు వాయిస్తున్నారు, జనం తాగుతున్నారు. గుంపులో సగం మంది దృష్టి అటే ఉంది, వాళ్లను తప్పు పట్టలేం.

తేడా అక్కడినుంచి వచ్చింది. గైడు సంచిలోంచి ప్లాస్టిక్ తొడుగు వేసిన అట్టలు తీశాడు. ఒక్కో అట్ట మీద ఎడమవైపు హిట్లర్, కుడివైపు ఇప్పటి నాయకుడు. చెయ్యెత్తిన హిట్లర్ పక్కన చెయ్యెత్తిన ట్రంప్. జనం మధ్య నడుస్తున్న హిట్లర్ పక్కన టర్కీ నాయకుడు ఎర్డోగాన్. పుతిన్ సరేసరి. చివర్లో నవ్వుల కోసం, 2012లో ఏథెన్స్ నిరసనకారులు మీసం గీసిన జర్మనీ మాజీ నాయకురాలు మెర్కెల్ బొమ్మ, 2009లో అమెరికాలో మీసం అంటించిన ఒబామా పోస్టరు. "పోలిక కనిపిస్తోందా?" అని అడుగుతాడు, జనం నవ్వుతారు, ఎవరి దేశం నాయకుడి పేరు వాళ్లు అరుస్తారు. ఇరవై నిమిషాలు ఇదే. ఒకే మీసం ఒబామాకూ ట్రంప్‌కూ మెర్కెల్‌కూ అతికిందంటే అది కొలబద్ద కాదు, రబ్బరు. చెయ్యెత్తిన ఫొటో లేని నాయకుడు ఏ దేశంలో ఉన్నాడు? ఆటో పిలిచేవాడు కూడా చెయ్యెత్తుతాడు.

ఈ పోలిక ఎంత చవకో తెలుసుకోవడానికి గైడు అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో వాదన సాగేకొద్దీ ఎవరో ఒకరు హిట్లర్‌ను తెచ్చి తీరతారని మైక్ గాడ్విన్ అనే అమెరికన్ 1990లోనే సూత్రం కట్టాడు. ట్రంప్ 'అమెరికా హిట్లర్' అవుతాడేమోనని 2016లో మిత్రుడికి రాసిన జేడీ వాన్స్, 2025లో అదే ట్రంప్‌కు ఉపాధ్యక్షుడయ్యాడు. 2022లో పుతిన్ నాజీలను ఏరివేస్తానంటూ ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపాడు, ఆ దేశాధ్యక్షుడు జెలెన్‌స్కీ యూదు కుటుంబంలో పుట్టినవాడు. ఈ మాట ఎవరి చేతికైనా వస్తుంది, ఎటైనా విసరవచ్చు.

అట్టల మీద అంత సమయం పోయింది కదా, దాని దెబ్బ విస్కార్డిగాసె మీద పడింది. ఇదొక చిన్న సందు, యాభై అడుగులు వేస్తే అయిపోతుంది. దాని చివర మలుపు తిరిగితే ఓడియోన్స్‌ప్లాట్స్ కూడలి. 1923 నవంబరు 9న హిట్లర్ తిరుగుబాటు ఊరేగింపును పోలీసులు ఆపింది ఈ పక్కనే, ఫెల్ట్‌హెర్న్‌హాలె అనే మండపం దగ్గర. తరవాత నాజీలు అక్కడ స్మారకం పెట్టి, కాపలా నిలబెట్టి, దారిన పోయే ప్రతివాడూ చెయ్యెత్తి వందనం చేసి తీరాలన్నారు. అలా చేయడం ఇష్టం లేనివాళ్లు స్మారకం రాకముందే ఈ సందులోకి మళ్లి, చుట్టు తిరిగి వెళ్లిపోయేవారు. 'తప్పించుకునేవాళ్ల సందు' అని దానికి పేరు పడింది. 1995లో రాళ్ల మధ్య కంచు రాళ్లు పొదిగి, ఆ మళ్లిన దారిని ఒక వంకర గీతగా వేశారు. వానకు మిగతా రాళ్లన్నీ నల్లబడ్డాయి, ఆ గీత మాత్రం పసుపుగా మెరుస్తోంది. మధ్యలో ఎక్కువగా అరిగింది, అంచుల్లో రంగు మారింది.

గైడు దీనికి ఇచ్చింది రెండు నిమిషాలు. "కింద చూడండి, ఫొటో తీసుకోండి, పదండి." నేను వంగి చూస్తుంటే మోకాలు పట్టేసింది, లేచేసరికి గుంపు మలుపు తిరిగిపోయింది. నడక వేగం గురించి కూడా ఇక్కడే చెబుతున్నాను: పెద్దవాళ్లకు ఇది కష్టం. మూడు గంటల్లో కూర్చోవడానికి ఒక్కచోటే ఆగాం.

ఓడియోన్స్‌ప్లాట్స్‌లో ఆరోజు చనిపోయిన నలుగురు పోలీసుల పేర్లతో ఒక ఫలకం ఉంది. దాని దగ్గర ఆగలేదు. ఆ నలుగురి చావు తరవాత 1924లో జరిగిన విచారణ ఊసే లేదు, నా లెక్కలో ఈ ఊరు చెప్పగల అతి ముఖ్యమైన కథ అదే. దేశద్రోహం రుజువైన విదేశీయుణ్ని దేశం నుంచి పంపేయాలని అప్పటి చట్టం. హిట్లర్ ఆస్ట్రియా పౌరుడు. న్యాయమూర్తి నైట్‌హార్ట్ మాత్రం, జర్మన్‌గా ఆలోచించే మనిషికి, జర్మన్ సైన్యంలో పోరాడినవాడికి ఆ నియమం వర్తించదన్నాడు. శిక్ష అయిదేళ్లు పడింది, ఆ ఏడాది డిసెంబరు 20కి బయట ఉన్నాడు. ఇక్కడ అట్ట మీద వేయాల్సింది న్యాయమూర్తి బొమ్మ.

చివరి మజిలీ క్యోనిగ్స్‌ప్లాట్స్. ఎదురుగా హిట్లర్ కార్యాలయ భవనం ఫ్యూరర్‌బౌ, ఇప్పుడు అది సంగీత కళాశాల. కిటికీలోంచి పియానో వినిపిస్తోంది. 1938లో చెకోస్లొవేకియాను ముక్కలు చేసిన మ్యూనిక్ ఒప్పందం మీద సంతకాలు జరిగింది అందులోనే. అక్కడ గైడు ముగింపు చెప్పాడు: "ప్రజలు ఓటేసి అతన్ని గెలిపించారు, పార్లమెంటు అధికారం రాసిచ్చింది. ఇవాళ కూడా అలాగే జరగవచ్చు."

నేను చెయ్యెత్తాను. (అవును, నేను కూడా.) "బాబూ, గెలిపించలేదు" అన్నాను. 1932 జులైలో నాజీలకు 37.3 శాతం, 230 స్థానాలు. నవంబరులో అది 33.1 శాతానికి, 196 స్థానాలకు పడిపోయింది. ఓట్లు తగ్గిన రెండు నెలలకు పిలిచి పీఠం ఎక్కించారు. దేశాధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చుట్టూ ఉన్న పాత కాలపు పెద్దలు, ముఖ్యంగా అంతకుముందు చాన్సలర్‌గా, అంటే ప్రధానమంత్రిగా చేసిన పాపెన్, మంత్రివర్గంలో హిట్లర్ కాక నాజీలు ఇద్దరే కదా, చెప్పుచేతల్లో ఉంచుకుందాం అనుకున్నారు. 1933 జనవరి 30న ప్రమాణం చేయించారు. ఇది గెలుపు కాదు, నియామకం.

"అమ్మా, నువ్వు వచ్చింది చూడడానికా, తగాదాకా?" అని అమ్మాయి చెయ్యి పట్టి లాగింది. కానీ గైడు "చెప్పండి, చెప్పండి" అన్నాడు. నాకు అంతే చాలు.

అతని సంచిలో ఉండాల్సిన ఫొటో ఒకటి చెప్పాను. 1932 సెప్టెంబరు 12, బెర్లిన్, రైష్టాగ్ అనే జర్మన్ పార్లమెంటు. పాపెన్ అప్పుడు చాన్సలర్. అవిశ్వాస తీర్మానం వచ్చింది. సభను రద్దు చేసే ఉత్తర్వు ఎర్ర ఫైలులో పెట్టుకుని లేచి, మాట్లాడతానని సైగ చేశాడు. సభాపతి స్థానంలో నాజీ నాయకుడు గోరింగ్. కావాలని మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఓటింగు మొదలైంది, ఇక ఎవరికీ అవకాశం లేదన్నాడు. పాపెన్ ఫైలును బల్ల మీద పడేసి బయటికి నడిచాడు. అవిశ్వాసానికి అనుకూలంగా 512 ఓట్లు, వ్యతిరేకంగా 42. సభ రద్దయినట్టే గనుక ఆ ఓటు చెల్లదని తేల్చారు, చాన్సలర్ పరువు మాత్రం అప్పటికే పోయింది. ఆ ఫొటోలో లేచి నిలబడ్డ పాపెన్, వేరేవైపు చూస్తున్న గోరింగ్ ఇద్దరూ ఉంటారు. నా ఉద్యోగంలో నేను కాగితం మీద పెట్టలేకపోయింది సరిగ్గా ఇదే. సభాపతి అటు చూశారని ప్రతిలో రాయరు.

ఆర్నెల్లకు, 1933 మార్చి 23న, పార్లమెంటు లేకుండానే మంత్రివర్గం చట్టాలు చేసుకునే అధికారం కోసం బిల్లు. మొత్తం సభ్యులు 647. మూడింట రెండు వంతులు హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. 81 మంది కమ్యూనిస్టులను రానివ్వలేదు. సోషల్ డెమోక్రాట్లు ఇరవై ఆరుగురు జైల్లోనో పరారీలోనో ఉన్నారు. మిగిలినవాళ్లు బయటే ఉండిపోతే కోరం పడిపోయే ప్రమాదం ఉంది. అందుకని ముందుగా సభా నియమాలు సవరించారు: అనుమతి లేకుండా రానివాడు వచ్చినట్టే లెక్క. హాజరు పట్టీలో లేని మనిషిని ఉన్నట్టు రాసే నియమం! ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నో విన్నాను గానీ ఇలాంటిది వినలేదు. 444 మంది అవునన్నారు, 94 మంది కాదన్నారు. ఆ 94 మంది సోషల్ డెమోక్రాట్ల తరఫున వాళ్ల నాయకుడు ఒట్టో వెల్స్ ఒక్కడే లేచి మాట్లాడాడు. 'పార్లమెంటు రాసిచ్చింది' అనే రెండు మాటల వెనక ఇంత ఉంది.

దీన్ని కూడా ఎడాపెడా వాడితే మళ్లీ రబ్బరు మీసమే అవుతుందని నాకు తెలుసు. సభ్యుడు లేస్తే చూడనట్టు ఊరుకున్న ప్రతి సభాపతీ గోరింగ్ అయితే, నేను గోరింగుల నీడలోనే పింఛను దాకా వచ్చానని చెప్పుకోవాలి. ఆ రోజు సభ జరిగిన క్రోల్ ఆపెరా భవనంలో యూనిఫారం వేసుకున్న పార్టీ దళాలు కారిడార్లలో బారులు తీరి ఉన్నాయి. దేశంలో అరవై లక్షల మంది నిరుద్యోగులు. ఓడిన యుద్ధం, 1923లో కాగితమైపోయిన డబ్బు జనానికి ఇంకా గుర్తే. ఇవేవీ లేనిచోట ఉన్నట్టు చెప్పకూడదు. కానీ పోల్చడానికి కూర్చుంటే మాత్రం నాయకుడి మొహం కాదు, న్యాయమూర్తి కలం, సభాపతి చూపు, హాజరు పట్టీ ముందు పెట్టుకోవాలి.

గుంపులో ఒక జర్మన్ పెద్దాయన అప్పుడు అందుకున్నాడు. ఇప్పటి రాజ్యాంగంలో 67వ అధికరణం ప్రకారం కొత్త చాన్సలర్‌ను ఎన్నుకుంటే తప్ప పాతవాణ్ని దించడం కుదరదని, ఆ సెప్టెంబరు తమాషాల నుంచి నేర్చుకున్నదేనని చెప్పాడు. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో తీవ్ర జాతీయవాద ఏఎఫ్‌డీ పార్టీకి 20.8 శాతం వచ్చి రెండో స్థానంలో నిలిచింది. ఆ పార్టీతో ఎవరు చేతులు కలుపుతారో, ఎవరు కలపరో అన్నదే ఇక్కడ ప్రతి పూటా చర్చ అట. "మేం వాళ్లను చూడం. పక్కన కూర్చునేవాళ్లను చూస్తాం" అన్నాడు. మూడు గంటల్లో నేను విన్న మంచి మాట అదే. దానికి టికెట్టు డబ్బు ఆయనకు ఇవ్వాలి.

మర్నాడు ఒక్కదాన్నే అదే చోటికి వెళ్లి, పక్కనే ఉన్న నాజీ చరిత్ర పత్రాల కేంద్రం చూశాను. తెల్లటి ఘనంలా ఉండే భవనం, 2015లో తెరిచారు. నాజీ పార్టీ ప్రధాన కార్యాలయం 'బ్రౌన్ హౌస్' ఉన్న స్థలంలోనే కట్టారు. ప్రవేశం ఉచితం. లిఫ్టులో పైకి వెళ్లి, ఒక్కో అంతస్తూ దిగుతూ చూడాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదో వరం. ఎవరూ మీసం చూపించరు. పత్రాలు పెడతారు, ఫొటోలు పెడతారు, చదువుకోమంటారు. నాలుగు గంటలు ఉన్నాను. కిటికీలోంచి కిందికి చూస్తే నాజీల 'గౌరవ మందిరం' పునాది గోడ గడ్డి మొలిచి కనిపిస్తుంది. 1947లో పైభాగాన్ని పేల్చేశారు.

నడకకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. నిజానికి రెండే ఇవ్వాలనుకున్నాను. అందరూ వెళ్లిపోయాక గైడు చెవి పరికరాలు లెక్కపెట్టుకుంటూ, "ఆ ఎర్ర ఫైలు ఫొటో ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. తేదీ అతని చేతి పుస్తకంలో రాసిచ్చాను.

వెళ్లేవాళ్లు ముందే ఫోను చేసి విస్కార్డిగాసెలో ఎంతసేపు ఆపుతారో అడగండి. కేంద్రానికి సోమవారం సెలవు.